పూర్వదాస్య ధ్రువపత్రం

మా ఊరిని ఎవరూ ఏలలేదన్న సంగతి మొన్నమొన్నటి దాకా మాకే తెలీదండి.

మా తాతలు దొరలకి శిస్తు కట్టారు. దొరల గుర్రాలకి గడ్డి కోశారు. దొరసానికి గొడుగు పట్టమంటే పట్టారు, వంకరగా పట్టారని తన్నులు తిన్నారు. ఇంతా చేస్తే అదేదీ లెక్కలోకి రాలేదు. ఎందుకంటారా? ఆ కాలంలో మా నేరేళ్ళలంకని కొలవడానికొచ్చిన సర్వే దొర గోదారి అవతలి గట్టునే ఆగిపోయి, పులస పులుసుతో సుష్టుగా భోంచేసి, ఒక కునుకు తీసి లేచి, మా లంక ఉండాల్సిన చోట పటంలో నీలం రంగు పులిమి వెళ్ళిపోయాడట. నీలమంటే నీళ్ళు. నీళ్ళని ఏలడం ఎవరి తరమూ కాదు గదా! అంచేత మా వాళ్ళు నూటయాభై ఏళ్ళు సర్వస్వతంత్రంగా తన్నులు తిన్నారన్నమాట.

ఆ రాజ్యం పేరు మాత్రం చెప్పనండి. చెబితే ఒక్కళ్ళకే కోపం వస్తుంది. చెప్పకపోతే నలుగురు భుజాలు తడుముకుంటారు. అదే బాగుంటుంది.

నా పేరు దంగేటి అబ్బులు. పంచాయతీ ఆఫీసులో గుమాస్తాని. పదహారేళ్ళ సర్వీసు. కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్మిన మనిషిని. ఆ నమ్మకం ఎలా వదిలిందో చెప్పడానికే ఇదంతా.

సంగతేమిటంటే, ఆ రాజ్యం వాళ్ళకి ఈమధ్య పాత చుట్టరికాల మీద మమకారం పుట్టుకొచ్చింది. ఒకప్పుడు తాము ఏలిన ఊళ్ళన్నిటితోనూ బంధం తెగిపోకూడదని 'పూర్వపాలిత మిత్రమండలి' అని ఒకటి పెట్టారు. ఏలిన ఊరికల్లా ఒక ఇనుప వంతెన కానుక. మనసుల మధ్య వంతెన వేస్తున్నామని చెప్పడానికి నిజం వంతెనే ఇస్తారట. ముక్కలు ముక్కలుగా ఓడలో వస్తుంది, బోల్టులు బిగించుకోవడమే తరువాయి. మా పక్కనున్న కొత్తగట్టు వాళ్ళకి ఏరు లేదు, కాలవ లేదు, కానీ వాళ్ళని శాస్త్రప్రకారం ఏలారు. కాబట్టి వాళ్ళ పొలాల మధ్య దివ్యమైన వంతెన లేచింది. దాని నీడన గేదెల్ని కట్టుకుంటున్నారు.

మా వంతెన కూడా వచ్చింది. అవతలి గట్టు మీద పచ్చ టార్పాలిన్ కప్పి పెట్టారు. మా రేవులో నిలబడితే కనిపిస్తుంది. బిగించబోయే రోజు ఎవరో మహానుభావుడు పాత పటం తెరిచాడు. నీలం రంగు చూశాడు. పని ఆపేశాడు.

ఈ వంతెన నాకెందుకంత అవసరమో కూడా చెప్పాలి. మా ఊరి నుంచి అవతలికి పోవాలంటే ఒకటే దారి, లోవరాజు పంటు. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచింది. మూడేళ్ళ కిందట మా ఆవిడ మంగకి నొప్పులొచ్చినప్పుడు పంటు ఇవతల లేదు. వంతెన అవసరమా, కాదా అని విచారణకొచ్చిన అధికారుల్ని దింపడానికి అవతలికి వెళ్ళింది. వాళ్ళకి ఫైళ్ళు చూపించింది నేనే. పంటు తిరిగొచ్చేసరికి రెండు గంటలు. బిడ్డ దక్కలేదు. ఆ తరవాత ఆ విచారణ నివేదిక కూడా వచ్చింది, అవసరం లేదని.

ఇప్పుడు మంగకి మళ్ళీ మూడో నెల. రోజూ రేవు దాకా వెళ్ళి, ఆ టార్పాలిన్ కేసి చూసి వచ్చేది. ఒక్క మాట అనేది కాదు. అంటే బాగుండేది.

మా సర్పంచి వరహాలమ్మ గారు అరటితోటల మనిషి. గెల కొట్టినట్టు మాట్లాడుతుంది. "ఒరే అబ్బులూ, మనల్ని ఏలలేదని ఎవడ్రా అన్నది? మా తాత వీపు చూపిద్దునా?" అని మండిపడింది. తాత వీపు పోయి అరవై ఏళ్ళయింది గానీ, ఊళ్ళో తొంభై నాలుగేళ్ళ తాతబ్బాయి గారి వీపు ఇంకా ఉంది. అర్జీ పెట్టాం.

విచారణకి మన వైపు నుంచి పూర్వపాలిత వ్యవహారాల ప్రత్యేకాధికారి శ్రీ వేమకోటి సదానందరావు గారు దయచేశారు. ఆయన మామూలుగా మంచినీళ్ళు అడిగినా ప్రొసీడింగ్సు చదివినట్టే ఉంటుంది.

"విషయము: నేరేళ్ళలంక గ్రామస్థుల గతకాలపు దాస్యమును ధ్రువీకరించుట," అని మొదలెట్టారు. "పై విషయమునకు సంబంధించి శిస్తు రసీదులు ఏవి?"

"ఎనభై ఆరు వరదలో పోయాయండి," అన్నాను.

"జైలు రికార్డులు?"

"అవీ అందులోనే."

"అవమానము జరిగినట్లు సమకాలీన పత్రములు ఏమైనా?"

తాతబ్బాయి గారు చొక్కా విప్పి తిరిగి కూచున్నాడు. వీపు మీద అడ్డంగా ఇంత పొడుగు మచ్చ. "ఎనిమిదేళ్ళ వాణ్ణి. దొర గుర్రానికి అడ్డొచ్చానని కొట్టాడు బాబూ," అన్నాడు.

ఆయన వెంట వచ్చిన డాక్టరు గారు భూతద్దం పెట్టి చూశారు. గుర్తు కొరడాదేనని రాశారు. అయితే అది ఎవరి కొరడా అన్నది వైద్యశాస్త్రానికి అందదని కూడా రాశారు.

సదానందరావు గారు కళ్ళజోడు తీశారు. "కొరడాదెబ్బకు రసీదు లేని పక్షమున దానిని వ్యక్తిగత గాయముగా పరిగణించుట తప్ప మార్గాంతరము లేదు. పూర్వదాస్య ధ్రువపత్రము లేనిదే వారధి మంజూరు కాదు."

"పోనీ ఇంకో దారేమీ లేదాండీ?" అని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన రూల్సు పుస్తకం తిరగేశారు. తిరగేసి తిరగేసి, మొహం వెలిగింది.

"కలదు. పదిహేడవ నిబంధన, ఉపనిబంధన బి. పాలన లోపించిన ప్రాంతములయందు నలుబది అయిదు దినముల పూరక పాలన జరిపి కొరతను భర్తీ చేయవచ్చును."

అంటే ఏమిటంటే, హాజరు చాలని కుర్రాళ్ళకి ప్రైవేటు క్లాసులు పెట్టి పరీక్షకి పంపుతారు చూడండి, అలాగ. నలభై ఐదు రోజులు వాళ్ళొచ్చి మమ్మల్ని ఏలి, స్వతంత్రం ఇచ్చి వెళ్ళిపోతారు. అప్పుడు మేం మాజీ బానిసలమవుతాం. వంతెనకి అర్హులమవుతాం.

వరహాలమ్మ గారు గ్రామసభ పెట్టింది. "ఎవరికైనా అభ్యంతరం ఉందా? ఇన్నాళ్ళూ మనల్ని ఏలినవాళ్ళు ఏం ఒరగబెట్టారు గనక! కొత్తవాళ్ళు నలభై ఐదు రోజులే అంటున్నారు, మనకి అదీ లాభమే," అంది. "మమ్మల్ని ఏలుకోవలసిందిగా ప్రార్థన" అని తీర్మానం రాసింది నేనే. ఏకగ్రీవం. మన పెద్దాఫీసులు కూడా అభ్యంతరం లేదని రాసిచ్చాయి. ఇంటి పన్ను వసూళ్ళకి మాత్రం భంగం రాకూడదన్నారు.

కాగితాలు అటూ ఇటూ తిరిగేసరికి మంగకి ఏడు నిండి ఎనిమిదో నెల వచ్చింది. ఆశ్వయుజంలో దొర దిగాడు.

భీకరంగా ఉంటాడనుకున్నాం. సన్నగా, పొడుగ్గా, ముక్కు ఎర్రగా కందిపోయి, చేతిలో ఫైలు పట్టుకుని పంటు దిగాడు. పేరు గాస్పర్. వాళ్ళ దేశంలో పింఛన్ల ఆఫీసులో గుమాస్తాట. ఏలడానికి ఇంకెవరూ దొరక్క పంపారట. రెండొందల ఏళ్ళ నాటి వ్యాకరణం చదివి తెలుగు నేర్చుకున్నాడు పాపం. రేవులో నిలబడి, "ఓ గ్రామవాసులారా, మీరెల్లరును కుశలమే కదా? నేను మిమ్ము జయించుటకై వచ్చితిని," అన్నాడు. మా ఆడవాళ్ళు హారతిచ్చారు.

ఏలుబడికి ఒక పట్టిక ఉంది. పధ్నాలుగు అంశాలు. ఒక్కొక్కటీ జరిపించి, ఎదురుగా టిక్కు పెట్టి, సంతకం చేయాలి. మొదటిది యుద్ధం, పదకొండు నిమిషాలు. మా వైపు అరవైమందిమి కర్రలతో, వాళ్ళ వైపు గాస్పర్ దొర గొడుగుతో. ఓడిపోవడానికి మేం పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. కంగారులో ఎవరి కర్రో తగిలి దొర టోపీ ఎగిరిపోయింది. అది చరిత్రకి విరుద్ధమని సదానందరావు గారు యుద్ధం మళ్ళీ మొదట్నించీ చేయించారు.

అయిదోది విభజించి పాలించడం. ఊళ్ళో రెండు వర్గాలు పుట్టించాలి. దొర వారం రోజులు తీసుకుందామనుకున్నాడు. నేను ఆయన్ని చెరువుగట్టు వీధికి తీసుకెళ్ళి, "వీళ్ళు వాళ్ళింటి పెళ్ళికెళ్ళరు, వాళ్ళు వీళ్ళ చావుకి రారు," అని చూపించాను. అప్పటికప్పుడే టిక్కు పెట్టేశాడు. "మీరు మునుపే సిద్ధము చేసికొనిరి, మిక్కిలి కృతజ్ఞుడను," అన్నాడు.

కొరడా దెబ్బల దగ్గర గొడవైంది. పట్టికలో ఇరవై నాలుగు దెబ్బలే ఉన్నాయి. దెబ్బ తిన్నవాళ్ళకి ముందు ముందు ఏదో ఒకటి వస్తుందని ఎవరో పుకారు లేపారు. తెల్లారేసరికి పంచాయతీ అరుగు ముందు రెండొందల మంది క్యూ. టోకెన్లు ఇవ్వాల్సొచ్చింది. కొందరు సిఫార్సు ఉత్తరాలు తెచ్చారు. మహిళా సంఘం వాళ్ళు సగం దెబ్బలు తమకి రావాలని ధర్నా చేశారు. దొర మొదటివాడి వీపు మీద కొరడా ఆనించి, "నొప్పి కలిగెనా? క్షమింపుడు," అన్నాడు.

"చెల్లదు!" అని లేచారు సదానందరావు గారు. "క్షమాపణ చెప్పిన దెబ్బ దెబ్బగా పరిగణింపబడదు. క్షమాపణలకు వేరే విభాగము కలదు. మరల కొట్టుడు!"

తాతబ్బాయి గారు కూడా క్యూలో నించున్నాడు. "నీకు ఉందిగా తాతా," అన్నాను. "దానికి రసీదు లేదన్నారు కదరా. ఈసారి రసీదుతో తింటాను," అన్నాడు. టోకెను చింపి ఇచ్చాను.

దొర మా ఇంట్లోనే భోంచేసేవాడు. కారం పడదు, మంగ పెరుగన్నం కలిపి పెట్టేది. తింటూ తింటూ ఓ రోజు ఆవిడ పొట్ట చూసి, "వైద్యశాల యెచ్చట?" అనడిగాడు. మంగ చెయ్యి చాపి గోదారి అవతలికి చూపించింది. టార్పాలిన్ కింద వంతెన, దాని వెనక ఆస్పత్రి. మూడేళ్ళ కిందటి సంగతి నేను చెప్పాను. దొర తినడం ఆపేశాడు. "నేనును గుమాస్తానే కదా, అబ్బులు గారూ," అన్నాడు. "ధ్రువపత్రము రానిదే నేనేమియు చేయజాలను."

"నేనూ అదే అంటాను బాబూ. రూలు రూలే," అన్నాను.

మంగ పెరుగు గిన్నె ఠక్కున కింద పెట్టింది. "ఏవండీ, ఈయన ఇప్పుడు మన ఏలికేనా, కాదా?"

"ఏలికే."

"ఏలిక ఏం చెబితే అది జరగాలా, వద్దా?"

"జరగాలి."

"మరి వంతెన వెయ్యమని చెప్పమనండి."

గుమాస్తాలమిద్దరం పుస్తకమంతా తిరగేశాం. ఏలిక హుకుం వెయ్యకూడదని ఎక్కడా లేదు. పైగా పన్నెండో అంశం వెట్టిచాకిరీ, ఇంకా టిక్కు పడలేదు. మర్నాడే దండోరా వేయించాడు దొర. ఇంటికో మనిషి చొప్పున వెట్టికి రావాలి, కూలీ ఉండదు, కాదన్నవాళ్ళకి జైలు. ఊరు ఊరంతా పండగలా కదిలింది! ఎనభై మంది వెట్టివాళ్ళు, కొత్తగట్టు వాళ్ళ దగ్గర అరువు తెచ్చిన పానాలు. వాళ్ళు తమ వంతెన బిగించి ఉన్నారు కదా. ఏ బోల్టు ఎక్కడో లోవరాజు వేళ్ళ మీద చెప్పేవాడు. "వంతెనొస్తే నీ పంటు మూలపడుద్ది కదరా," అంటే, "పడనీ. ఆ రోజు పంటు మీద మంగమ్మ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది," అన్నాడు. పద్దెనిమిది రోజుల్లో వంతెన నిలబడింది.

ఇక మిగిలింది పధ్నాలుగో అంశం, స్వాతంత్ర్యోద్యమం. అది తప్పనిసరి. దొరగారికి అర్జీ పెట్టుకున్నాం. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా, నినాదాలు మూడు మాత్రమే, పూలదండలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి అన్న షరతులతో అనుమతిచ్చాడు.

ఆ ఊరేగింపు వంతెన మీద ఉండగానే మంగకి నొప్పులొచ్చాయి. నవారు మంచం మీద ఎత్తుకుని పరిగెత్తాం. ఎదురుగా ఉద్యమం. "దొర పోవాలి!" అని అరుస్తున్నవాళ్ళంతా దారిచ్చి మంచం కోళ్ళు పట్టుకున్నారు. ముందు దొరే పరిగెడుతున్నాడు, "తొలగుడు! తొలగుడు!" అంటూ. అవతల్నుంచి నూటెనిమిది బండి వంతెన మధ్య దాకా వచ్చేసింది. నర్సమ్మ దిగింది. ఇక ఆస్పత్రి దాకా ఆగలేదు మా తల్లి. అక్కడే, చీరలు అడ్డం పెడితే, గోదారి మీద పుట్టింది మా పాప. కేరుమని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

పాపకి మా నాన్నమ్మ పేరే పెట్టాం, సత్తెమ్మ.

మర్నాడు నలభై అయిదో రోజు. దొర జెండా దింపాడు, స్వతంత్రం ఇచ్చాడు, మంగ కట్టిచ్చిన పెరుగన్నం మూట పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ పంటెక్కాడు. వంతెన ఉందిగా అంటే, "వచ్చిన త్రోవనే పోవలెనని నియమము," అన్నాడు.

ఆ తరవాత సదానందరావు గారు తనిఖీకొచ్చారు. వచ్చి కుర్చీలో కూచుని రెండు నిర్ణయాలు చదివారు.

"మొదటిది. ఉద్యమము పాలకుని అనుమతితో జరిగినది. అనుమతితో జరిగిన ఉద్యమము ఉద్యమము కాదు, కార్యక్రమము. అందుచేత పూర్వదాస్యము ధ్రువపడలేదు."

"అయ్యా!" అంది వరహాలమ్మ గారు.

"రెండవది. దాస్యము ధ్రువపడనందున వారధి కానుక కానేరదు. పాలనాకాలమున నిర్మింపబడినందున సామ్రాజ్యపు ఆస్తి. విప్పి వెనుకకు పంపవలెను. అయితే, పాలనాకాలమున జన్మించిన సత్తెమ్మ అను శిశువు సామ్రాజ్య పౌరురాలు. పౌరురాలి జన్మస్థలము స్మారకము. స్మారకమును విప్పరాదు."

"హమ్మయ్య," అన్నాను.

"వాడరాదు కూడా," అన్నారాయన.

రెండు చివర్లా ఇనుప గేట్లు బిగించారు. తాళాలు నా చేతికిచ్చి, స్మారక రక్షకుడిగా అదనపు బాధ్యతలు అప్పగించారు. లోవరాజు పంటు మళ్ళీ మొదలైంది, వంతెన కిందనుంచి. వానొస్తే మాత్రం కాస్త అడ్డుగా ఉండేది.

రూల్సు మొత్తం నేను మూడుసార్లు చదివాను. ముప్పై ఒకటో నిబంధన దొరికింది. సామ్రాజ్య పౌరులు స్మారకం మీద నడవొచ్చు. తమ వెంట పరిచారకుల్ని ఎంతమందినైనా తీసుకెళ్ళొచ్చు. అయితే పౌరురాలు తన కాళ్ళతో తానే నడవాలి. ఎత్తుకోకూడదు.

సత్తెమ్మకి అప్పటికి రెండు నెలలు.

అప్పట్నించీ ఊరు ఊరంతా మా పాపకి నడక నేర్పడమే పని. మొదటి వారంలోనే పరిచారకుల రిజిస్టరు తెరిచాను. ఆరువందల పన్నెండు పేర్లు. మొదటి పేరు సర్పంచి వరహాలమ్మ. తాతబ్బాయి గారు గొడుగు పట్టే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని, 'వంశపారంపర్య అనుభవము కలదు' అని రాయించాడు. పాప బోర్లా పడితే బూరెలు పంచారు. పాకితే టపాకాయలు కాల్చారు. వీధిలో ఎవరెదురైనా, "దొరసానమ్మ నిలబడుతోందా అబ్బులూ?" అనే పలకరింపు. స్వతంత్రం వచ్చిన ఊరంతా పాలు తాగే పిల్లకి ఊడిగం చెయ్యడానికి వేళ్ళ మీద రోజులు లెక్కెట్టుకుంటోందని నాకు అప్పుడు తోచలేదు. నా రిజిస్టరు అంత అందంగా కుదిరింది మరి.

మంగకి మాత్రం తోచింది. "పిల్ల ఎప్పుడు నడవాలో అప్పుడే నడుస్తుంది. దాని జోలికి రాకండి," అని చీపురు పుచ్చుకునేది.

శ్రావణమొచ్చింది. గోదారి ఎర్రబడింది. మూడో రోజుకి సుళ్ళు తిరుగుతుంటే పంటు కట్టేశారు. ఆ పొద్దున పదింటికి లోవరాజు కోడలు చిన్నమ్మలుకి నొప్పులొచ్చాయి. తొలి చూలు. మంచం మీద మోసుకుని గేటు దగ్గరికొచ్చారు. ఊరంతా పరిగెత్తుకొచ్చింది. నేను తాళం చెవులు, రిజిస్టరు పట్టుకుని ముందు నిలబడ్డాను.

"పాపని నడిపించండి!" అన్నాను.

తొమ్మిది నెలల సత్తెమ్మని గేటు ముందు నించోబెట్టారు. వరహాలమ్మ గారు చప్పట్లు కొట్టింది. తాతబ్బాయి గారు గొడుగు తెరిచి పట్టుకున్నాడు. ఆరువందల మంది వెనక వరస కట్టారు. పాప ఊగింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగుకి చతికిలబడి, అమ్మ కేసి చేతులు చాపి ఏడుపు లంకించుకుంది.

మంచం మీద చిన్నమ్మలు అరుస్తోంది. లోవరాజు నా కేసి చూస్తున్నాడు. నేను రూల్సు పుస్తకం తిరగేస్తున్నాను. ముప్పై రెండు, ముప్పై మూడు, అత్యవసర పరిస్థితులు అని ఎక్కడైనా...

"ఆ రోజు కూడా," అంది మంగ, గట్టిగా కాదు, నాకు వినపడేంత. "ఆ రోజు కూడా మీరు కాగితాలే చూపిస్తున్నారు."

నా చేతిలో పుస్తకం జారిపోయింది. పోయి బురదలో పడింది. తీయబుద్ధి కాలేదు.

మంగ వంగి పాపని చంకనేసుకుంది. "తాళం తీస్తారా, నన్ను తీయమంటారా?"

చెవి తాళంలో పెట్టి తిప్పాను. తుప్పు పట్టి తిరగలేదు. ఇంకోసారి తిప్పాను. విరిగిపోయింది. "తప్పుకో అబ్బులూ," అని లోవరాజు పంటు మీంచి పానా పట్టుకొచ్చాడు. ఈ వంతెన బిగించింది మేమే, ఏ బోల్టు ఎటు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలం. నలుగురు పట్టారు, గేటు పక్కకి ఒరిగింది.

ముందు మంగ నడిచింది, చంకలో సామ్రాజ్య పౌరురాలితో. వెనక మంచం. ఆ వెనక మేమందరం. ఎవరూ నినాదాలు చెయ్యలేదు, దండలు తేలేదు, టైము రాసుకోలేదు. అవతలి గేటు కూడా విప్పేశాం. చిన్నమ్మలు ఆస్పత్రిలో పన్నెండింటికి ప్రసవించింది. మగపిల్లాడు. తల్లీ పిల్లా క్షేమం.

నా ఉద్యోగం పోతుందనుకున్నాను. నెల తిరక్కుండా సదానందరావు గారే ఉత్తరం పట్టుకుని వచ్చారు. నిలబడే చదివారు.

"నేరేళ్ళలంక గ్రామస్థులు అనుమతి లేకనే తాళమును పగులగొట్టి వారధిని ఆక్రమించినట్లు మండలి దృష్టికి వచ్చినది. ఇట్టి అవిధేయత, మాచే పూర్వము పాలింపబడిన ప్రజలయందు మాత్రమే కానవచ్చును. కావున మీ పూర్వదాస్యము ఇందుమూలముగా ధ్రువపడినది. మీకు మైత్రీ వారధి మంజూరైనది."

కింద గాస్పర్ సంతకం ఉంది. అనుమతి ఉత్తరాలు రాసే విభాగానికి మార్చారట ఆయన్ని.

"మాకు వంతెన ఉందిగా అండీ," అన్నాను.

"అది స్మారకము," అన్నారాయన. "ఇది కానుక. రెండునూ వేరు. సామగ్రి దిగుమతి అయినది."

వెళ్ళి చూస్తే నిజమే. ఈసారి పడమటి పాయ అవతల దించారు. కొత్త పచ్చ టార్పాలిన్. లంక అన్నాక రెండు వైపులా నీళ్ళే కదండి, అటువైపు నాలుగు ఊళ్ళున్నాయి. సదానందరావు గారు పత్రం నా చేతిలో పెట్టి, బిగించడానికి పెట్టుకోవలసిన అర్జీ నమూనా, జతపరచవలసిన పత్రాల జాబితా బల్ల మీద పరిచారు. పధ్నాలుగు.

ధ్రువపత్రం ఇంటికి తీసుకెళ్ళి మంగకి చూపించాను. చదవమంది. చదివాను. తీసుకుని ఆవకాయ జాడీ మీద మూతకింద బిగించి తాడు కట్టింది. మందంగా ఉంది, చీమలు పట్టవంది.

"ఆ అర్జీ రాయమంటావా?" అన్నాను.

మంగ జాడీని అటక మీద పెట్టేసింది. సత్తెమ్మ గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది, దాని దారిన అది.

మర్నాడు పొద్దున్నే ఎనభై మందిమి పడమటి గట్టుకి వెళ్ళాం. ఎవర్నీ ఏమీ అడగలేదు. కొత్తగట్టు వాళ్ళని పానాలు మాత్రం అడిగాం.